మడత విప్పని జవాబులు

"ఎలాగున్నావే పైడీ?" అని సింహాద్రప్పడు రెండు వేళ్లతో టైపు చేసి ఎంటర్ నొక్కాడు. మంచం మీద అతని భార్య పైడితల్లి కదల్లేదు. పక్షవాతం ఆమెకు కనురెప్పలు తప్ప ఏమీ మిగల్చలేదు, వినికిడి కూడా పోయింది. అయినా అతని ప్రశ్న కిందే తెర మీద జవాబు పడింది.

"బాగానే ఉన్నాను బావా. నువ్వు తిన్నావా?"

"బాగుందంటమ్మా," అన్నాడతను సంబరంగా. నర్సు నొప్పిమందు ఇంకొంచెం తగ్గించింది.

ఆ యంత్రం సంగతి సులువే. ఎడిటర్‌లో టైపు చేసిన ప్రశ్న ఒక కమాండ్‌లా తలలోని చిప్‌కి చేరి, అక్కణ్నించి మనసుకి అందుతుంది. మనసిచ్చే అవుట్‌పుట్ ఆ ప్రశ్న కిందే అచ్చవుతుంది. కానీ మనసు మాట్లాడటం మొదలుపెడితే పేజీలకి పేజీలు. స్క్రోల్ చెయ్యలేక నర్సులు విసుక్కున్నారు. అందుకని దాన్ని తయారుచేసిన డాక్టర్ వకుళ ఒక సదుపాయం పెట్టింది. ఎంత పొడుగు జవాబైనా మొదటి వరసే కనిపిస్తుంది. మిగతాదంతా దాని కింద మడతపడిపోతుంది. పక్కనున్న చిన్న త్రిభుజం నొక్కితే విప్పుకుంటుంది.

ఈ విశాఖలోనే పుట్టి పెరిగిన వకుళకి ఆ మాత్రం తట్టకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎలా ఉన్నారంటే మనలో మొదటి మాటలోనే నిజం చెప్పేవాళ్లెవరు? ముందు బాగున్నామంటాం, ఎదుటివాళ్లు తిన్నారో లేదో కనుక్కుంటాం. కడుపులో ఉన్నది ఆ తర్వాత గానీ బయటికి రాదు.

ఒకరోజు వకుళే నర్సుతో కలిసి ఆ గదికి వచ్చింది. "పైడితల్లి గారి ఫైలు మొదట్లో రోజూ ఉబ్బేదండీ. ఈమధ్య పెరగడం లేదు. చిప్ పాడైందేమో చూద్దామని," అంటూ ఒక పాత జవాబు పక్కన త్రిభుజం నొక్కింది.

"ఎడం భుజం కింద నిప్పులు పోసినట్టుంది. మందు తగ్గించొద్దని చెప్పు బావా. కాస్త పక్కకి తిప్పమను."

మర్నాటి జవాబు విప్పింది. అదే మాట. "చెప్పావా బావా?" అని మళ్లీ మళ్లీ, పేజీ చివరిదాకా.

సింహాద్రప్పడు తెర దగ్గరికి వంగాడు. "ఇదెప్పుడు రాసిందమ్మా?"

"రోజూ రాశారండీ."

"రోజూ నాను సూసేను గదా! ఆ పక్కనున్నది ఏదో బొమ్మనుకున్నాను తల్లీ!"

వకుళ తర్వాతివి విప్పుకుంటూ పోయింది. మడత ఉన్న చివరి జవాబులో ఇలా ఉంది: "నొప్పి ఓర్చుకుంటున్నాను బావా. నువ్వు చదివి కూడా ఊరుకోవడం ఓర్చుకోలేకపోతున్నాను. ఇంక చెప్పను."

ఆ తర్వాతి జవాబుల పక్కన త్రిభుజమే లేదు. మడత పెట్టడానికి వాటిలో ఇంకేమీ లేదు.

నర్సు మందు కోసం పరుగెత్తింది. సింహాద్రప్పడు రెండు వేళ్లతో టైపు చేశాడు: "నాను సదవనేదే పైడీ. నీమీద ఒట్టు. ఇప్పుడే సూసేను."

కర్సర్ కొట్టుకుంటూనే ఉంది. అతను ఎంటర్ మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. పైడితల్లి కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఇది పాడైపోనాదేటమ్మా?"

వకుళ సిగ్నల్ చూసింది. ఔనని అబద్ధమాడదామని ఎంతో అనిపించింది.

"లేదండీ," అంది. "మీ మాట ఆవిడకి చేరింది. యంత్రం సరిగ్గానే పనిచేస్తోంది."