అడిగి తెచ్చుకున్న చప్పుడు

పెళ్ళికొడుకు తల వెనకాల, ఎల్ఈడీ తెర మీద, వధూవరుల పేర్లు మెరవాల్సిన చోట ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. ‘ఇది అసలైనది కాదు. దొంగ కాపీ. వెంటనే అసలుది కొనుక్కోండి’ అని వాటి సారాంశం.

పాట టక్కున ఆగిపోయింది. స్టేజీ ముందు గంతులేస్తున్న కుర్రాళ్ళు ఎత్తిన చేతులు దించడం మర్చిపోయారు. పెళ్ళికూతురి మేనమామ కళ్ళజోడు సవరించుకుని తెర చదివాడు, పెళ్ళికొడుకు మొహం చూశాడు, మళ్ళీ తెర చదివాడు.

ఇంత ఘనకార్యం చేసిన డీజే ధను, అంటే మన కంకిపాడు ధనుంజయ్, లాప్‌టాప్ మీద పడి దొరికిన బటన్‌నల్లా నొక్కుతున్నాడు. ఏసీ హాల్లో కూడా చొక్కా తడిసిపోయింది.

“ఏవండీ,” అంది పక్కనుంచి ఒక గొంతు. “మార్చాల్సింది పెళ్ళికొడుకునా, సాఫ్ట్‌వేర్‌నా?”

తలెత్తి చూశాడు. ఆకుపచ్చ నేత చీర, చేతిలో సగం తిన్న ఐస్‌క్రీమ్ కప్పు, నవ్వాపుకోవడానికి బిగబట్టిన పెదాలు.

“నవ్వండి, నవ్వండి. మీ సొమ్మేం పోయింది?”

“నా ఫ్రెండు పెళ్ళి పోతోంది. జరగండి.”

ఐస్‌క్రీమ్ కప్పు అతని చేతిలో పెట్టి, తెరకున్న వైరు పీకేసి, తన ఫోన్‌కి స్పీకర్ల వైరు గుచ్చి పాట పెట్టింది. కుర్రాళ్ళు మళ్ళీ మొదలెట్టారు. డీజే గారు ఐస్‌క్రీమ్ పట్టుకుని నిలబడ్డారు.

“క్రాక్ వెర్షనా?” అడిగింది.

“అందరూ అదే వాడతారండీ.”

“అందరూ అదే చేస్తారు కాబట్టే మా నాన్న అన్నం మానేశాడు,” అంది. ఆ మాట అంటున్నప్పుడు నవ్వు లేదు. వెళ్తూ వెళ్తూ ఐస్‌క్రీమ్ వెనక్కి తీసుకుంది.

పేరు ప్రత్యూష. విజయవాడ బందరు రోడ్డులో చేనేత సొసైటీ ఆఫీసులో పని. కంప్యూటర్లు, ఆన్‌లైన్ ఆర్డర్లు అన్నీ తనే చూస్తుంది. ఈ వివరాలన్నీ ధను ఆ సాయంత్రమే పెళ్ళికూతురి తమ్ముణ్ణి బతిమాలి రాబట్టాడు. వారం తిరక్కుండా లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఆ ఆఫీసు మెట్లెక్కాడు.

“షాపువాడు దీన్ని పారేసి కొత్తది కొనమంటున్నాడండీ. కొత్త వెర్షన్ దీనిమీద నడవదంట.”

ప్రత్యూష లాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. “శుభ్రంగా ఉంది. వాళ్ళ సాఫ్ట్‌వేర్ లావెక్కి, నింద దీనిమీద వేస్తున్నారు. మా ఆఫీసులో ఇంతకంటే ముసలివి నడుస్తున్నాయి. విండోస్ తీసేసి లైనక్స్ వేస్తాను. దాని మీద మిక్స్ అని డీజే సాఫ్ట్‌వేర్ ఉంది, చివర మూడు ఎక్స్‌లుంటాయి.”

“మూడు ఎక్స్‌లా? రమ్ము సీసా మీదుంటాయి, అలాగా?”

“మీకు గుర్తుండిపోతుంది లెండి.”

“ఎంతవుతుందండీ?”

“ఏమీ అవ్వదు.”

“ఊరికే ఇచ్చేదాంట్లో పస ఉంటుందా?”

ఆమె చేతిలో పని ఆపేసింది. “రాసినవాళ్ళు తమంతట తాము ఇచ్చారండీ. లోపల ఎలా కట్టారో చూసుకోమన్నారు, మార్చుకోమన్నారు, నలుగురికీ పంచమన్నారు. రేపెవరో వచ్చి తాళం వేసి, పెళ్ళి మధ్యలో డబ్బు కట్టమని అడగరు. మీ పాతది, దాన్ని రాసినవాళ్ళు ఇచ్చింది కాదు, మీరు ఎత్తుకొచ్చింది. తేడా ఉంది.”

అప్పుడు చెప్పింది నాన్న సంగతి. పెడనలో ఆదిశేషయ్య మగ్గం మీద కూర్చుంటే చీర అంచు కొత్తగా పుడుతుందని పేరు. ఎన్నాళ్ళో కష్టపడి నెమలిపింఛం అంచు ఒకటి కట్టాడు. చీరలు నాలుగు అమ్ముడయ్యాయో లేదో, అదే అంచు మిల్లు చీరల మీద బెజవాడ వన్‌టౌన్ షాపుల్లో వేలాడింది.

“డబ్బు పోయిందని కాదండీ ఆయన బాధ. ‘ఒక్కడు, ఒక్కడు వచ్చి అడిగుంటే ఇచ్చేవాణ్ణి కదే’ అని. అన్నం ముట్టకుండా ఆ మాటే పదిసార్లు అన్నాడు.”

ధను తల ఊపాడు. విన్నాడు గానీ, అందులో సగం చెవులతో, సగం కళ్ళతో. కళ్ళు వినేది వేరే ఉంటుంది కదా.

ఆ తరువాత మన డీజేకి సందేహాలు పట్టుకున్నాయి. పాట వేగం ఎలా కలుస్తుంది? ఈ రంగు బటన్లేమిటి? పాటలో ఏదైనా చోట గుర్తు పెట్టుకుంటే బటన్ నొక్కగానే అక్కణ్ణుంచే మొదలవుతుందని ఆమె చూపిస్తే, మర్నాడు వచ్చి మళ్ళీ అదే అడిగాడు. సందేహం లేని రోజున దారిలో ఒకటి తయారుచేసుకుని వచ్చాడు.

“నిజం చెప్పండి, ఇది నిన్న అర్థమైందా లేదా?”

“అయిందండీ. మీరు చెప్తే ఇంకా బాగా అవుతుందని.”

ఒక సాయంత్రం కాలవ గట్టు టీ కొట్టు రేకుల కింద ఇద్దరూ వానకి ఇరుక్కుపోయారు. రేకుల మోతలో ‘మీరు తడిసిపోతున్నారు’ అని అతను అరిస్తే వినపడలేదు. ‘నువ్వు తడిసిపోతున్నావ్!’ అని అరిస్తే వినపడింది. “ఏమన్నావ్?” అంది ఆమె. అంతే, ‘అండీ’లు ఇద్దరికీ ఆ వానలో కొట్టుకుపోయాయి.

ఆ నెలలోనే సొసైటీ ఆటో చెడిపోతే, పెడన నుంచి చీరలు తేవడానికి ధను తన సౌండ్ వ్యాన్ తీసుకెళ్ళాడు. ప్రత్యూష ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా అతని పాటల్ని వెక్కిరించింది. వాళ్ళింటి ముందు గదిలో, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని, ఆదిశేషయ్య నేస్తున్నాడు. పోగు మోసే నాడె అటు, నాడె ఇటు. టక్, టకటక్, టక్.

ధనుకి ఒళ్ళు పులకరించింది. ఆమె ఈ చప్పుడులో పుట్టింది, ఈ చప్పుడులో నిద్రపోయింది. ఫోన్ తీసి, రికార్డింగ్ నొక్కి, కిటికీలో పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే సర్‌ప్రైజ్ అనుకున్నాడు, వెర్రిబాగులవాడు.

ఇంటికొచ్చి ఆ చప్పుడు కింద డప్పు కలిపాడు, పైన బేస్ ఎక్కించాడు. ఉయ్యూరులో ఒక పెళ్ళిలో వేశాడు. జనం ఊగిపోయారు. ఎవరో రీల్ తీశారు, ధను కూడా దాన్ని ‘డీజే ధను ఒరిజినల్’ అని తన పేజీలో పెట్టుకున్నాడు. తెల్లారేసరికి బెజవాడ కుర్రకారు ఫోన్లన్నీ టకటకలాడాయి.

మర్నాడు అదే టీ కొట్టు దగ్గర ప్రత్యూష చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టి, ఒకటి తను పెట్టుకుని, ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాడు. మొదట చిన్న నవ్వు వచ్చింది. తరువాత అది ఆగింది.

“ఇది మా మగ్గం.”

“గుర్తుపట్టేశావా!”

“నాన్నని అడిగావా?”

“చప్పుడే కదా ప్రత్యూషా. చప్పుడుకి కూడా ఓనరుంటాడా?”

ఆమె ఇయర్‌ఫోన్ తీసి, వైరు నెమ్మదిగా చుట్టి, అతని అరచేతిలో పెట్టింది. “మిల్లువాడు కూడా అంచే కదా అన్నాడు. క్రాక్ నీ లాప్‌టాప్‌లో ఉందనుకుని తీసేశాను ధనూ. అది లాప్‌టాప్‌లో లేదు.”

టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

అతను ఆ రాత్రికే తన పేజీలోంచి పాట తీసేశాడు. పొడుగాటి మెసేజ్ పెట్టాడు. జవాబు వచ్చింది: ‘పర్లేదండి. పని ఉందండి.’ తిట్టినా, బ్లాక్ చేసినా అతను తట్టుకునేవాడు. ఆ రెండు ‘అండి’లు మాత్రం తట్టుకోలేకపోయాడు. వానలో పోయినవి మళ్ళీ ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చిందో!

వానలు ముదిరాయి. ఏ పెళ్ళికెళ్ళినా “బ్రో, ఆ మగ్గం సాంగ్!” అని ఒకటే కేకలు. లేదనేవాడు. “నీదే కదా బ్రో?” అంటే, “నాది కాదు,” అనేవాడు. బెజవాడ వెళ్ళినప్పుడల్లా సొసైటీ ఆఫీసు ముందు బండి దానంతటదే నెమ్మదించేది. పైన కిటికీలో లైటుంటే ఉందని బెంగ, లేకపోతే లేదని బెంగ.

అతని దగ్గర మిగిలింది ఒక్కటే. అసలు రికార్డింగ్‌లో ఒకచోట మగ్గం ఆగుతుంది. ఆ కాస్త నిశ్శబ్దంలో వంటింట్లోంచి ప్రత్యూష గొంతు వినిపిస్తుంది: “నాన్నా, అన్నం చల్లారిపోతోంది!” పాటలో ఆ ముక్క వాడలేదు. లాప్‌టాప్‌లో మాత్రం అక్కడ గుర్తు పెట్టుకున్నాడు. ఎర్ర బటన్ నొక్కితే ఆమె పిలుస్తుంది, తనని కాదు గానీ. అయినా నొక్కేవాడు. ఆ పిల్ల కావాలని, ఆ వెక్కిరింపు కావాలని, ఆ ‘నువ్వు’ కావాలని గుండె కొట్టుకునేది.

ఒక ఆదివారం పొద్దున ధను వాళ్ళమ్మ నాగవేణి స్పీకర్ల షెడ్డులోకే ఇడ్లీలు పట్టుకొచ్చింది.

“ఎవర్రా ఆ పిల్ల? రోజూ అన్నం చల్లారిపోతోందంటుంది. ఇక్కడ నీ టిఫినూ చల్లారిపోతోంది.”

దాచి లాభం లేక అంతా చెప్పాడు. ఆవిడ విని, నిట్టూర్చి, పెరటివైపు చెయ్యి చూపించింది.

“మన కరివేపాకు చెట్టు చూడు. పక్కింటావిడ ఇన్నేళ్ళుగా కోసుకుంటోంది. ఒక్కరోజైనా ‘వదినా, రెండు రెబ్బలు’ అనకుండా కోసిందా? నేను వద్దంటాననా? అడుగుతుందిరా, అంతే.”

“ఇప్పుడేం చెయ్యనమ్మా?”

“వాడేసుకున్నాకైనా వెళ్ళి అడుగు. ముందు ఇడ్లీ తిను. పిల్ల గొంతు బావుంది, పస్తులుండి చేసుకునే పెళ్ళి కాదుగా!”

పెడన చేరేసరికి ధను తడిసి ముద్దయ్యాడు. లాప్‌టాప్ మాత్రం మూడు కవర్లలో పొడిగా ఉంది. అరుగు మీద ఆదిశేషయ్య ఒక్కడే కూర్చుని వాన చూస్తున్నాడు. లోపల మగ్గం మౌనంగా ఉంది. గుంటలోకి నీళ్ళు ఊరి పని ఆగిపోయింది.

ఏమని పిలవాలి? బాబాయిగారూ అంటే ప్రత్యూష చెల్లెలైపోతుంది. మావయ్యగారూ అంటే తొందరపడినట్టవుతుంది.

“అంకుల్,” అన్నాడు. “మీ మగ్గం చప్పుడు ఎత్తుకుపోయింది నేనే. తిరిగి ఇచ్చేద్దామని వచ్చాను.”

ఆదిశేషయ్య అతన్ని ఎగాదిగా చూసి, లోపలికి కేకేశాడు. “అమ్మాయ్! మీ వ్యానబ్బాయి చప్పుడు తిరిగి ఇచ్చేస్తాడంట. దేంట్లో పోయించుకోవాలే?”

ప్రత్యూష గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆదివారం కాబట్టి ఇంటికొచ్చి ఉంటుందని అతనికి తెలుసు. తెలిసినా, ఆమె వైపు చూడలేక కవర్లు విప్పడం మొదలెట్టాడు.

లాప్‌టాప్ తెరిచి, డప్పులూ బేసులూ లేని అసలు చప్పుడు పెట్టాడు. టక్, టకటక్, టక్. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. పాదం దానంతటదే కదిలింది.

“వానలు పట్టినప్పట్నుంచీ దీని గొంతు వినలేదురా బాబూ,” అన్నాడు. ఆ ‘రా’ ఎప్పుడు చేరిందో ఆయనకే తెలియదు.

“నేను అప్పుడే అడగాల్సింది అంకుల్. ఇప్పుడు అడుగుతున్నాను. వద్దంటే తుడిచేస్తాను, ఇంకెక్కడా వెయ్యను.”

“అడిగితే ఎందుకు వద్దంటాను? తీసుకో. ఇంకెవరైనా కావాలన్నా ఇచ్చెయ్.”

“అయితే మీ పేరుతో నెట్‌లో పెడతానండీ. ‘ఆదిశేషయ్య మగ్గం, పెడన’ అని. ఎవరైనా వాడుకోవచ్చు, మీ పేరు మాత్రం చెప్పాలి. నా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు కూడా ఇలాగే తమ చేత్తో ఇచ్చేశారు. మీ అమ్మాయి చెప్పినప్పుడు నాకు సగమే వినపడింది.”

“నా చేత్తో నేనిస్తే ఇంక దొంగతనం ఎక్కడిది? పెట్టెయ్,” అన్నాడు పెద్దాయన. “ఇన్నాళ్ళకి ఒకడు అడిగాడు.”

ఇంతలో లాప్‌టాప్‌లో మగ్గం ఆగింది. “ఇక్కడ పోగు తెగింది,” అని ఆయన అంటుండగానే వినిపించింది: “నాన్నా, అన్నం చల్లారిపోతోంది!”

ధను చెవులు ఎర్రబడ్డాయి. “ఇది కూడా అడగకుండానే తెచ్చానండీ. పాటలో వాడలేదు. నా దగ్గరే ఉంది.”

ఆదిశేషయ్య కూతురి వంక చూశాడు, కుర్రాడి వంక చూశాడు. తీరిగ్గా లేచి గొడుగందుకున్నాడు. “అది నా మగ్గానిది కాదుగా బాబూ, నేనెలా ఇస్తాను? దాని ఓనరు గుమ్మంలో నిలబడుంది. మీరూ మీరూ చూసుకోండి. నేను గుంటలో నీళ్ళు తోడటానికి మనిషి దొరుకుతాడేమో చూసొస్తా.”

చూరు మీంచి వాన ధారగా కారుతోంది.

“ఎన్నిసార్లు విన్నావేంటి?” అంది ప్రత్యూష. ‘అండి’ లేదు.

“మా అమ్మకి కంఠతా వచ్చేసింది.”

ఆమె పెదాలు బిగబట్టింది, ఆ పెళ్ళిలో లాగే. “తుడిచెయ్ అంటే?”

“ఇప్పుడే, నీ ముందే తుడిచేస్తాను.” వేలు బటన్ మీద పెట్టాడు. “కానీ అడుగుతున్నాను ప్రత్యూషా. ఉంచుకోనా? ఇది ఒక్కటే కాదు. రోజూ కావాలి నాకు.”

కళ్ళలో తడి వానది కాదు, ఆమె అరుగు దిగనేలేదు.

“నేను మాత్రం ఆ కాలవ గట్టున టీ మళ్ళీ తాగాననుకున్నావా?” అంది. “ఉంచుకో. కానీ షరతుంది. పేరు వెయ్యాలి.”

“ఎక్కడ?”

“ఎల్ఈడీ తెర మీద. నీ పేరు పక్కన. ఆరోజు దానిమీద ఇంకేదైనా కనపడిందో, చూడు!”

అతను నవ్వాడు. అలాగే నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

“ఏంటలా నిలబడతావ్ తడి బట్టలతో? లోపలికి రా ధనూ, అన్నం చల్లారిపోతోంది.”

ధను లాప్‌టాప్ మూసేసి లోపలికి నడిచాడు.