మూడు సీసాల షార్డనే

"ఈ టిన్ను ఎనక్కి పట్టుకెళ్లిపోండి," అంది గ్లోరీ, పిడికెడు జీడిపప్పు ముక్కు దగ్గర పెట్టుకుని. "మాడిన వాసనొత్తంది."

"నాకేం రావట్లేదండీ," అన్నాడు గౌతమ్.

"రోజూ పొగలో ఉంటారు, మీకెలా వత్తాది?"

గౌతమ్‌ది కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. గ్లోరీ పలాసలో ఒక ఎగుమతి వ్యాపారి దగ్గర సరుకు పరీక్ష చేస్తుంది. రెండువేల ఆరులో ఆమె అతని సరుకు మూడుసార్లు తిప్పి పంపింది. నాలుగోసారి మంచి సరుకే తెచ్చాడు. ఐదోసారి సరుకు లేకుండానే వచ్చి, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లాడు.

ఆ వారంలోనే ఆమె అన్న ఏసుబాబు, గౌతమ్‌కి చిన్నప్పటి స్నేహితుడు, కబురు చెప్పాడు.

"సెల్లికి బొబ్బిలి సంబంధం మావా. ఆదివారం సాయంత్రం సూడ్డానికి వత్తన్నారు."

"గ్లోరీ ఏమంది?"

"ఏటీ అన్లేదు. నాన్న అడిగితే తల వొంచుకుని బియ్యం ఏరుకుంటా కూకుంది."

గౌతమ్ బెంగళూరు హోటల్లో రెండేళ్లు పనిచేసి వచ్చాడు. అక్కడి మిత్రుడు పంపిన షార్డనే అనే తెల్లద్రాక్ష వైన్ సీసాలు మూడున్నాయి. నాసిక్‌ది ఒకటి, ఆస్ట్రేలియాది ఒకటి, ఫ్రాన్స్‌ది ఒకటి. శనివారం సాయంత్రం వజ్రపుకొత్తూరు దగ్గర తన తోటలో చిన్న విందు పెట్టి, ఏసుబాబునీ గ్లోరీనీ పిలిచాడు. సీసాలకి కాగితం చుట్టి నంబర్లు వేస్తారు. ఏది ఏదో చెప్పకుండా రుచి చూపిస్తారు. నచ్చిన నంబరు చీటీ మీద రాయాలి. ఎవరూ పసిగట్టకుండా మూతల మీది రేకు ఒలిచి, మామూలు బిరడాలు కూడా తనే బిగించాడు.

గ్లోరీతో పాటు వాళ్ల నాన్న సత్యరాజు మాస్టారు కూడా ఆటో దిగారు. బాప్టిస్టు సంఘం పెద్ద, మద్యం వాసనకే ఆమడ దూరం జరిగే మనిషి. భార్య పోయి ఆరేళ్లయింది. గౌతమ్ గబగబా వెళ్లి ఒక కొబ్బరిబొండం కొట్టి తెచ్చాడు.

"నానేటి సెయ్యను మావా, తోడొత్తానన్నాడు," అని గొణిగాడు ఏసుబాబు.

"మీరు కానివ్వండి బాబూ," అన్నారు మాస్టారు, కొబ్బరిబొండం అందుకుని. "నేను ఇక్కడ గాలికి కూర్చుంటాను."

రేకుల పందిరి కింద కోనాం చేప వేపుడు, మిరియాలపొడి జల్లిన జీడిపప్పు, గాజుగ్లాసులు అమరాయి. ఏసుబాబు, మధ్యాహ్నమే తను సీసాలు పెట్టిన చేపల ఐసుపెట్టె మూత తీశాడు. నీళ్లలో నానిన కాగితం ముద్దలు తేలుతున్నాయి. వాటితో పాటు సీసాల లేబుళ్లు కూడా. మూడు సీసాలూ ఒకేలా, బోసిగా ఉన్నాయి.

"ఇదేంట్రా?"

"సేపలకి సేసినట్టే సేసినాను మావా. ఐసు మీద నీళ్లు పోత్తే బేగి సల్లబడతాది గదేటి." తర్వాత గొంతు తగ్గించాడు. "ఎవులికి తెలుస్తాది? ఏదో ఒక పేరు సెప్పీ."

గౌతమ్ ఒక్క క్షణం తటపటాయించాడు. "ఏది ఏదో నాకే తెలీదండీ," అన్నాడు అందరితో. "ఆట చెడిపోయింది."

గ్లోరీ నవ్వింది. "మా గోడౌన్లో టిన్నుల చీటీలు ఊడిపోతే ఏటి సేత్తామో తెల్సా? వాసన సూసి మళ్లీ రాత్తాం. పొయ్యండి. నాను తాగను, ముక్కొక్కటే."

మొదటి గ్లాసు. "నేతిలో ఏపిన పప్పు."

"అయితే ఆస్ట్రేలియాది. దాన్ని కర్రపీపాల్లో పెడతారు."

రెండోది. "బాగా ముగ్గిన అనాసపండు."

"నాసిక్‌ది అనుకుంటాను."

మూడోదానికి ఆమె కళ్లు మూసుకుంది. "పచ్చిమామిడికాయ కోసినట్టుంది. దాని ఎనకాల... వాన పడ్డ రాయి."

అతను ఒక గుక్క తాగి చూశాడు. "అవునండీ. రాయి ఉంది. మీరు చెప్పేదాకా నాకు తెలీలేదు."

"నాకు మూడూ పులిసిన కల్లే," అన్నాడు ఏసుబాబు, వేపుడు పళ్లెం దగ్గరకు లాక్కుని.

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. గ్లోరీ గ్లాసు కింద పెట్టింది.

"ఒకటి అడగనా? ఇదంతా వైన్ కోసమేనా?"

అవునంటే సరిపోయేది. గౌతమ్ మాస్టారి వైపు చూశాడు.

"కాదండీ. ఆదివారం లోపల మీ ఎదురుగా ఒక గంట కూర్చోడానికి. ఇంకో దారి తోచలేదు. మీరంటే నాకు ఇష్టం. మాస్టారు వినేటట్టే చెబుతున్నాను."

ఏసుబాబు నమలడం ఆపేశాడు. గ్లోరీ వాన వైపు తిరిగింది. మెడ దాకా ఎర్రబడింది.

మాస్టారు కూతురి వైపు చూశారు. తల్లి పోయాక ఈ పిల్ల ఒక పూటలో ఇన్ని మాటలాడటం ఆయన వినలేదు. వచ్చినప్పటి నుంచీ ఆ మాటలే వింటూ, బొండం సంగతి మర్చిపోయారు.

"బాబూ, మీ ఇంట్లో పూజ, మా ఇంట్లో ప్రార్థన," అన్నారు చివరికి. "తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయి. రేపు ఆరాధన అయ్యాక మీ అమ్మగారిని తీసుకుని రా. ఏసూ, బొబ్బిలి వాళ్లకి ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు."

"ఏటని సెప్పమంతావు నాన్నా?"

"అమ్మాయి వద్దందని."

గ్లోరీ గిరుక్కున తిరిగింది. "నానేటీ అన్లేదు గదా."

"అనలేదమ్మా. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను."

ఆమె తండ్రి ముఖంలోకి చూసింది. గౌతమ్ వైపు మాత్రం చూడలేదు.

"వద్దు నాన్నా."

ఏసుబాబు చేతులు తుడుచుకుని, సిగ్నల్ వెతుక్కుంటూ వానలోకి నడిచాడు.