ఉక్కుబండకు పెట్టిన కూడు

మా ఊరి బౌద్ధ విహారంలో దానశాల వెనుక పగిలిన కుండల కుప్ప ఒకటి ఉండేది. పొద్దుగూకాక ఆ వైపు ఎవరూ వెళ్లేవారు కాదు. కుళ్లిన చేపల కంపు... దాంతోపాటు ఏదో గుటకలు వేస్తున్న చప్పుడు.

ప్రేతం అనేవారు. ఎవరిదో కూడా చెప్పేవారు — ఉక్కుబండది. బతికున్నన్నాళ్లూ దానశాలలో వంట చేసినవాడు. భిక్షువులకు వడ్డించకముందే కూర రుచి చూసేవాడట, ఆ పాపమట. ఉప్పు చూడకుండా వండేదెలాగో నాకిప్పటికీ అర్థం కాదు. క్యాండీ పట్నం కాలేజీలో తర్కం చదివాను గానీ, మా ఊళ్లో తర్కం ఎవడిక్కావాలి... సరే, ఆ మాట అన్నది పెద్ద భిక్షువు. ఆయన అన్నాక ఇక తిరుగేముంది?

ఉక్కుబండ భార్య యసవతి రోజూ సాయంత్రం అరటిదొప్పలో కూడు తెచ్చి అక్కడ పెట్టేది. మాడ్చిన ఎండుచేప, పులిసిన అన్నం, పంది కొవ్వు — ప్రేతాలకు కంపు కొట్టేవే ఇష్టమట. తెల్లారేసరికి దొప్ప ఖాళీ.

"అన్నయ్య దొప్ప కూడా నాకేశాడు వదినా!" అని నవ్వేది పక్కింటి లీసీ. "బతికుండగా నీ వంటకు ఇంత మర్యాద చేశాడా?"

యసవతి నవ్వేది కాదు. ఎంత పుణ్యం ధారపోసినా మొగుడికి ఆ జన్మ వదలడం లేదేమని కుమిలిపోయేది. ఒక సాయంత్రం దొప్ప పెట్టి ఇంటికి పోకుండా గోడ చాటున కూర్చుంది. ఒక్కసారి చూడాలి — అతనేనా, కాదా.

తర్వాతి సంగతి నాకు ఆమే చెప్పింది.

చీకటి పడింది. ముందు అడుగుల చప్పుడు... తర్వాత పళ్ల కింద ముల్లు విరిగిన చప్పుడు... వేళ్లు చీకుతున్న చప్పుడు. త్రేన్పు.

"ఏమయ్యా..." అంది యసవతి. "నువ్వేనా?"

చప్పుడు ఆగింది. ఆమె టార్చి వేసింది.

పెద్ద భిక్షువు! గొంతుక్కూర్చుని ఉన్నాడు. గడ్డం మీంచి కొవ్వు కారి కాషాయం మీద పడుతోంది. మధ్యాహ్నం దాటితే మెతుకు ముట్టనని శీలం పట్టినవాడు — పెదవికి చేప పొలుసు అంటుకుని ఉంది.



"ఉపాసికమ్మా," అన్నాడాయన మెల్లగా, "వేళ కాని వేళ తినడం చిన్న దోషం. ఇవ్వనిది తీసుకోవడం పెద్దది. నువ్వు చేతికిచ్చావంటే... ఆ పెద్దదైనా నాకు అంటదు." జిడ్డు కారుతున్న చేతులు రెండూ చాచాడు.

"మరి మా ఆయన?"

"అతను ఇక్కడెప్పుడూ లేడమ్మా. ఇవ్వు..."

యసవతి దొప్ప ఎత్తింది. ఆయన చేతుల దాకా తెచ్చింది. ఆగింది. వంగి మట్టిలో పెట్టింది.

"ప్రేతాలకు చేతికివ్వరు స్వామీ," అంది.

వెనక్కి చూడకుండా ఇంటిదారి పట్టింది. గోడ మలుపు తిరుగుతుండగా మళ్లీ వినిపించింది — నేల మీదకు వంగి ఎవరో నాకుతున్న చప్పుడు.