దావీదు తీసిన రెండు టికెట్లు

తొమ్మిది దాటింది. దావీదు క్వార్టర్ ముందు ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో దిగి రిటైరైన మనిషికి చలికాలపు ఎండంటే ప్రాణం. ఈపాటికి భార్య సుసన్నా దుబాయిలో రెండో విమానం ఎక్కే ఉంటుందని ఆయన ధీమా.

పెద్దకూతురు డెబోరా ఐర్లండ్‌లో నర్సు. మర్నాడు ఆమెకు కాన్పు ఆపరేషన్. పోయినేడు తొలికాన్పులో బిడ్డ దక్కలేదు. సౌదీలో ఉన్న అల్లుడికి సెలవు దొరకలేదు. అమ్మ పక్కన లేకుండా ఆపరేషన్ గదిలో అడుగుపెట్టనని డెబోరా పట్టుబట్టి, టికెట్‌కు డబ్బు పంపింది.

ఫోన్ మోగింది. చిన్నకూతురు శాలిని ఎత్తింది. అవతల సుసన్నా ఏడుపు. హైదరాబాద్‌లో మంచు వల్ల విమానం నాలుగు గంటలు ఆలస్యమైంది, దుబాయిలో రెండోది వెళ్లిపోయింది. అది వేరే టికెట్ కాబట్టి తమకు సంబంధం లేదన్నారు విమానం వాళ్లు. పెట్టె తీసుకుని మళ్లీ అప్పగించాలంటే విమానాశ్రయం బయటికి వెళ్లాలి, వెళ్లడానికి దుబాయి వీసా లేదు. అక్కడ పనిచేసే జగిత్యాల మనిషి ఎవరో జాలిపడి తన ఫోన్ ఇచ్చాడట.

శాలిని తండ్రి ఎదుటికి వచ్చి నిలబడింది.

"అక్క ఒకటే టికెట్‌కు పైసలు పంపింది గదా బాపు. రెండు ముక్కలు ఎందుకు జేసినవ్?"

"అట్ల తీస్తే అగ్గువైతదన్నడు టికెట్ల రఘుపతి."

"మొదటిది లేటయితే రెండోది ఆగదని చెప్పలేదా?"

"చెప్పిండు. నేనే నమ్మలే. బాయిల ఒక్క మనిషి టోపీలైటు తిరిగి రాకుంటే, ఆయన దొరికేదాక ఎవ్వరం ఇంటికి పోయేటోళ్లం గాదు. గంత పెద్ద విమానం, రాసుకున్న మనిషి రాకుంటే ఇడిసిపెట్టి పోతదనుకోలే."

శాలినికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మిగిలిన డబ్బేదని అడిగింది. దావీదు చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. తల్లి అక్కడ అన్నం నీళ్లు లేక కూర్చుంటే ఈయనకు మాటలు కూడా బరువయ్యాయా అని శాలిని కడుపు మండిపోయింది.

రఘుపతి టికెట్ల దుకాణం నుంచి ఆయన మధ్యాహ్నానికి కొత్త టికెట్‌తో వచ్చాడు. దొరికింది మర్నాడు ఉదయం విమానమే. పెట్టె వెనకాల పంపిస్తామన్నారు. సుసన్నా ఆ రాత్రంతా విమానాశ్రయం కుర్చీలోనే గడిపింది. డబ్బు ఎక్కడిదో దావీదు చెప్పలేదు. మెతుకు ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు డెబోరా ఫోన్ చేసింది. సుసన్నా ఇంకా గాలిలోనే ఉంది. అక్కడ ఆపరేషన్‌కు స్ట్రెచర్ వచ్చింది.

"అమ్మ లేదు. నాకు భయమైతాంది బాపు. నువ్వన్నా ప్రార్థన చెయ్యి."

ఆ ఇంట్లో ప్రార్థన సుసన్నాదే. పరీక్షకైనా ప్రయాణానికైనా ఆమె పలికితే, దావీదు చివర్లో ఆమెన్ అనేవాడు, అంతే. ఇప్పుడు ఫోన్ రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, నా బిడ్డను సల్లగ సూడు. తల్లి దాని కాడ లేకపాయె, తప్పు నాదే. ఆమెనొక్కదాన్నే పిలిచిన్రు. నాకు గూడ మనుమడినో మనుమరాలినో సూడాలని ఉండె. అడుగుదామంటే నోరు రాలే. ఆమె టికెట్ల మిగిలిచ్చి, నా టికెట్‌కు బయాన గట్టిన. నిన్న ఆ పైసలు వాపసు ఇడిపిచ్చి ఆమె టికెట్‌కే పెట్టిన. నా ఆశకు నా బిడ్డను శిక్షించకు."

శాలిని గోడకు ఆనుకుని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నిన్నటి కోపమంతా కన్నీళ్లయి కారిపోయింది. అవతల డెబోరా వెక్కుతూ, "ఆమెన్," అంది.

ఎవరో ఆమెను లోపలికి రమ్మంటున్నారు.

"పోతున్న బాపు. ఫోన్ సిస్టర్ చేతిల ఇస్తున్న, నువ్వు పెట్టెయ్యకు. బిడ్డ ఏడ్సుడు ముందుగాల నువ్వే ఇనాలె."