అమ్మ మిషను కింది ఇటుకలు

జూన్ పదకొండు. ఆ ఉదయం తండ్రీ కూతుళ్లు మాడిన రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నారు. మాడ్చింది ఆయనే. ముప్పై ఏళ్లుగా రేవులో సముద్రమట్టం కొలుస్తున్న శాస్త్రవేత్తకు పొయ్యి దగ్గర మాత్రం కొలత తప్పుతూనే ఉంది. భార్య పోయిన దగ్గర్నుంచీ కూతురు వంక పెట్టకుండా తినేస్తోంది.

"మూడింటికి పురపాలక సభ. వస్తున్నావా నాన్నా?" అంది. ఆమె చిన్నపిల్లల పంతులమ్మ. తమ బడికి కొత్త భవనం సముద్రం పక్క పల్లంలో కట్టాలా వద్దా అన్నది ఆ రోజే తేలుతుంది.

"నివేదిక పంపాను కదమ్మా."

"నలభై పేజీలు. కన్నకూతుర్ని, నేనే మూడో పేజీలో నిద్రపోయాను."

ఆయన నవ్వాడు కానీ తల అడ్డంగా ఊపాడు. "కొలవడం నా పని. కట్టొద్దని వాదిస్తే, వాదన కోసమే కొలిచాడంటారు. ఇన్నేళ్ల అంకెలూ నీళ్లపాలవుతాయి."

ఆమె విసురుగా గిన్నెలు తీస్తుంటే చెంచా జారి, మూలన దుప్పటి కప్పి ఉన్న అమ్మ కుట్టుమిషను కిందికి వెళ్లింది. దుప్పటి ఎత్తి, అలాగే కూర్చుండిపోయింది. మిషను కాళ్ల కింద మూడు వరసల ఇటుకలు. ఏ పని చేసినా తేదీ వేయడం ఆయన అలవాటు. వరసకొక తేదీ, పెన్సిలుతో.

"ఇదేమిటి?"

"మన వీధీ పల్లమే కదా. పోటు కాస్త పెరిగినప్పుడల్లా ఒక వరస ఎత్తాను."

"నీళ్లొస్తాయని అమ్మ మిషనుకి చెప్పావు," అంది కూతురు మెల్లగా. "నా బడిపిల్లలకి చెప్పవా?"

ఆయన వచ్చి పై వరసలో ఒక ఇటుకను పట్టుకున్నాడు. "మిషను కాస్త ఎత్తిపట్టు తల్లీ," అన్నాడు.

సభలో అధ్యక్షుడు, "అభిప్రాయాలొద్దు సార్, అంకెలు చెప్పండి," అన్నాడు. ఆయన అంకెలు చెప్పాడు. ఒక్కటీ పెంచలేదు. ఆపైన సంచిలోంచి ఇటుక తీసి బల్లమీద పెట్టాడు.

"మా ఆవిడ మిషను కిందిదండీ. ఈ అంకెల్ని నమ్మే పెట్టాను. మిషనునే పల్లంలో ఉంచలేనివాణ్ణి, పిల్లల్ని కూర్చోబెట్టమనలేను. ఇది నా అభిప్రాయమే. రాసుకోండి."

గుమస్తా రాసుకున్నాడు. నిర్ణయం నెల వాయిదా పడింది. మెరక మీది స్థలం కూడా చూసొస్తామన్నారు.

"మాట తడబడింది కదూ?" అన్నాడాయన దారిలో.

"తడబడింది. ఇటుక మాత్రం కదల్లేదు."

ఇంటికొచ్చాక ఇటుక మీద ఆ రోజు తేదీ వేసి, కూతురు మిషను ఎత్తిపట్టగా దాని చోట దాన్ని పెట్టాడు. పడుకునే ముందు చూస్తే ఆమె గదిలో దీపం వెలుగుతూనే ఉంది. నివేదిక గుండెల మీద పెట్టుకుని నిద్రపోయింది. ఈసారి పదకొండో పేజీ.

దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.