ఎర్ర కారూ, నాలుగు నిమ్మకాయలూ

ఇట్లా దగ్గరికి జరగండి నాయనా. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. ఇది ఎక్కడో జరిగింది కాదు, మన చిల్లకూరులో, హైవే పక్కనే జరిగింది. దొంగ ఎవరో చివరికి తెలుస్తుంది, కంగారు పడకండి. తెలిసిన తర్వాత ఏం చేయాలన్నదే ఎవరికీ తోచలేదు.

ఏప్రిల్ పందొమ్మిది. ఆదివారం. పగలు పన్నెండూ ఇరవై.

స్టేషన్లో ఫోను మోగింది.

"సార్, నా బండి పోయింది."

"ఏం బండి?"

"కారు సార్. స్పోర్ట్స్ కారు. ఎర్రది."

హెడ్ కానిస్టేబుల్ హజరత్తయ్య ఫోను చెవి దగ్గర నుంచి తీసి ఒకసారి దానివైపు చూశాడు. ఈ చుట్టుపక్కల గేదె పోతుంది, బోరు మోటారు పోతుంది. స్పోర్ట్స్ కారు పోవడం ఆయన సర్వీసులో అదే మొదలు.

పన్నెండూ నలభైకి ఎస్సై ఎవాంజెలిన్ షెడ్డు ముందు జీపు దిగింది.

షెడ్డు మెకానిక్ మాథ్యూది. యాభై రెండేళ్ల మనిషి. పందొమ్మిదేళ్లుగా అక్కడే బండ్లు బాగుచేస్తున్నాడు. ఆదివారం తెల్లచొక్కా ఒంటిమీదే ఉంది. బైబిలు చంకలోనే ఉంది.

షట్టరు తాళం తెగి కింద పడి ఉంది. లోపల బండి లేదు. నాలుగు టైర్లు ఉండాల్సిన చోట నాలుగు నిమ్మకాయలు నలిగి ఉన్నాయి.

"ఎన్ని గంటలకు చర్చికి పోయినారు?"

"ఎనిమిదికి మేడం. తాళం వేసే పోయినా. ఆరాధన అయిపోయి పన్నెండుంబావుకి వచ్చినా."

"బండి ముఖం ఎటు ఉండింది?"

"గోడకు. వెనక భాగం షట్టరుకు. ఎప్పుడూ అంతే."

"తాళంచెవులు?"

"రెండు. ఒకటి నా జేబులో ఉండాది. ఇంకోటి ఆనందబాబు గారు తీసుకున్నాడు, అడ్వాన్సు ఇచ్చిన రోజు."

ఆ బండి సంగతి మీకు ముందు చెప్పాలి. మూడేళ్ల కిందట చెన్నైలో వాననీళ్లలో మునిగిన బండి అది. తుక్కు కింద అమ్ముతుంటే మాథ్యూ కొన్నాడు. పగలు ఊరి బండ్లు చూసుకునేవాడు. సాయంత్రం దీని పక్కన కూర్చునేవాడు. ఒక్కొక్క వైరు విప్పి తుడిచాడు. దొరకని ముక్కలు తానే సాన పట్టి చేశాడు. రంగు వేసిన రోజు పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

ఎందుకు ఇంత కష్టం? షెడ్డు ఉన్న జాగా కోసం. జాగా సొంతదారు దాన్ని హోటలు వాళ్లకు అమ్మాలనుకున్నాడు. పాత మనిషివి కదా అని మాథ్యూకు ఏప్రిల్ ముప్పై దాకా గడువిచ్చాడు. ఆ లోపల పన్నెండు లక్షలు కడితే జాగా మాథ్యూది. లేదంటే షెడ్డు ఎత్తేయాలి.

విడవలూరులో రొయ్యల చెరువులున్న ఆనందబాబు బండి చూశాడు, మోజుపడ్డాడు. పదహారు లక్షలకు మాట అయింది. ఇరవయ్యో తేదీన డబ్బిచ్చి తోలుకుపోవాలి.

తొమ్మిదో తేదీన ఆ కారు చేసే కంపెనీ కొత్త మోడల్ వదిలింది.

అంతే. బేరం తిరగబడింది.

పదకొండో తేదీన ఆనందబాబు షెడ్డుకొచ్చి అరిచిన అరుపు పక్క పంక్చరు కొట్టు దాకా వినిపించింది. "పందొమ్మిదికి కొత్తది వస్తా ఉంటే పదహారుకి నీ పాతది నాకెందుకబ్బా? ఏడు ఇస్తా. కాదంటావా, నా అడ్వాన్సు నాకు పెట్టు. లేదంటే ఆ ఏడు నీ మొఖాన కొట్టి బండి తోలుకుపోతా, ఎవురు అడ్డమొస్తారో చూస్తా."

హజరత్తయ్య నలిగిన నిమ్మకాయ దగ్గర గొంతుకూర్చున్నాడు.

"మేడం, దొంగ నిమ్మకాయలు తొక్కిస్తాడా? దొంగకి అంత తీరిక యాడిది? ఇది నాదే అనుకున్నోడే తొక్కిస్తాడు."

మాట బాగానే ఉంది. ఎవాంజెలిన్ ఫోటోలు తీసుకుంది.

మూడు గంటలకు విడవలూరు.

ఆనందబాబు చెరువు గట్టు మీద కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"ఈరోజు చిల్లకూరు వచ్చినారా?"

"గట్టు దిగలేదమ్మా. పదిమంది పనోళ్లు ఉండారు, అడుగు."

"బండి తాళంచెవి?"

"మా డ్రైవరు పోలేరయ్య దగ్గరుంటది."

"పోలేరయ్య పొద్దున యాడికి పోయినాడు?"

ఆనందబాబు నీళ్లవైపు చూశాడు. "చిల్లకూరే. అడ్వాన్సు అడిగి రమ్మని పంపించినా. ఆ పైన వాడేం చేసినాడో నాకెట్లా తెలస్తది?"

పద్దెనిమిదేళ్లుగా ఆయన బండ్లు తోలిన మనిషి పోలేరయ్య. అట్లాంటి మనిషిని ఒక్క మాటతో గట్టు మీంచి కిందికి తోసేశాడు.

నాలుగు గంటలకు పోలేరయ్యను జీపు ఎక్కించారు. ఎనిమిదీ యాభైకి చిల్లకూరులో అతన్ని చూశానని టీకొట్టువాడు చెప్పాడు. అతని గుత్తిలోనే ఎర్ర బండి తాళంచెవి ఉంది.

"షట్టరు దించుంటే టీ తాగి తిరిగొచ్చినా మేడం. అంతే." అడిగినప్పుడల్లా అదే జవాబు.

ఆరు గంటలకు అతని భార్య కామాక్షి వచ్చి స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. ఎవరినీ ఏమీ అడగలేదు. లెమ్మంటే లేవలేదు.

సోమవారం సాయంత్రం నాలుగు లోపల పోలేరయ్యను కోర్టులో పెట్టాలి. పెడితే జైలే. పైనుంచి ఒకటే మాట. "తాళంచెవి దొరికింది, మనిషి దొరికాడు, ఇంకా ఏం చూస్తున్నావు?"

ఎవాంజెలిన్‌కు ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. ధర పడిపోయిన బండిని ఎవరైనా ఎందుకు ఎత్తుకుపోతారు?

సోమవారం ఉదయం తొమ్మిదికి నెల్లూరులో కిషోర్ బాబు యార్డుకు వెళ్లింది. పాత కార్లు కొని అమ్మే మనిషి.

"ఒక్క మోడల్ వస్తే పాతది ఇంత పడుతుందా?"

"మేడం, కొత్తకోడలు గడపలోకొచ్చిన పూటే పాతకోడలికి వయసు పెరిగిపోతుంది." నవ్వి ఫోను చూపించాడు. "ఎనిమిదో తేదీ దాకా ఈ మోడల్ పదిహేనూ పదహారూ. కొత్తది ఇంకా ఎక్కువ ఉంటుందని అందరం అనుకున్నాం. వాళ్లు తగ్గించి పందొమ్మిదికే పెట్టినారు. ఇంకో మూడేస్తే కొత్తదే వస్తుంటే పాతది ఎవరు కొంటారు? పైగా పాత మోడల్ ఉన్నోళ్లంతా ఒకేసారి అమ్మకానికి పెట్టినారు. పదో తేదీకి పన్నెండు. పదమూడుకి తొమ్మిది. ఇప్పుడు ఏడుకి అడిగేవాడు దేవుడు."

"బండిలో ఏం తేడా వచ్చింది?"

"బండిలోనా? ఏం రాలేదు. అదే ఇంజను, అదే రంగు."

"ఇన్సూరెన్సు? మాథ్యూ జనవరిలో కట్టినాడు."

కిషోర్ బాబు నవ్వు ఆగింది. "జనవరిలో కట్టుంటే పదహారు లక్షలకే రాసుంటారు. పాలసీ కాగితానికి కొత్త మోడల్ సంగతి తెలియదు గదా మేడం. అమ్మితే ఏడు. పోతే పదహారు."

పదీ యాభైకి ఆమె స్టేషన్‌కు తిరిగొచ్చింది. టీకొట్టు ముందు ఒక కొత్త ఆటో. ముందు భాగం గోడకు ఆనించి ఉంది. నలుగురు మనుషులు దాన్ని వెనక్కి నెట్టి, తిప్పి, రోడ్డువైపు నిలబెట్టారు. అప్పుడు మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టారు.

"ఎందుకయ్యా ఆ అవస్థ? అక్కడే పెట్టి వెనక్కి తీస్తే పోదా?"

ఆటో అతను ఆమెను వింతగా చూశాడు. "నిమ్మకాయ రివర్సులో తొక్కిస్తారా మేడం ఎవురన్నా? బండి బతుకంతా వెనక్కే పోదా?"

ఎవాంజెలిన్ అక్కడే ఆగిపోయింది. ఫోనులో నిన్నటి షెడ్డు ఫోటోలు తెరిచింది. ఒకటికి రెండుసార్లు చూసింది. లోపలికి వెళ్లి పోలేరయ్య ముందు నిలబడింది.

"ఆ షెడ్డులో బండికి నిమ్మకాయలు పెట్టాలంటే నువ్వు యాడ పెడతావు?"

"బయట మేడం. లోపల పెడితే వెనక్కి పోవాల గదా. మా ఓనరు చూస్తే నన్ను తంతాడు."

ఒంటిగంట పదికి అందరినీ షెడ్డులోకి రప్పించింది. మాథ్యూ, ఆనందబాబు, పోలేరయ్య, హజరత్తయ్య. కామాక్షి పిలవకుండానే వచ్చి భర్త పక్కన నిలబడింది.

"బండి ముఖం గోడకు ఉంది. మాథ్యూ గారే చెప్పినారు. బయటికి రావాలంటే రివర్సు ఒకటే దారి. నిమ్మకాయలు లోపలే, టైర్లు నిలబడిన చోటే నలిగినాయి. అంటే రివర్సులో తొక్కించినారు."

హజరత్తయ్య తల గోక్కున్నాడు. నిన్న ఆ కాయల ముందు గొంతుకూర్చుంది తనే మరి.

"ఆనందబాబు గారు ఆ పని చేయరు. పోలేరయ్య అసలు చేయడు. వాళ్లకి అది చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి. బండ్ల పూజ గుడి ముందర జరుగుతుంది, షెడ్డులో కాదు. నిమ్మకాయ తొక్కిస్తారని తెలిసి, ఎట్లా తొక్కిస్తారో దగ్గరుండి ఎన్నడూ చూడని మనిషి పెట్టినాడు వీటిని. నేనూ చర్చికి పోయేదాన్నే, నేనూ చూడలేదు. అందుకే నాకూ నిన్న పట్టలేదు."

ఎవాంజెలిన్ మాథ్యూ వైపు తిరిగింది.

"బండికి రెండే తాళంచెవులు. ఒకటి పోలేరయ్య దగ్గర. రెండోది?"

మాథ్యూ బల్ల అంచు పట్టుకున్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కామాక్షి అతన్నే చూస్తోంది.

"పోలేరయ్యన్నా, నువ్వొస్తావని నాకు తెలీదు," అన్నాడు. "ఆదివారం తెల్లారుజామున నాలుగున్నరకే బండి తీసేసినా. ఆ కాయలు చూస్తే అనుమానం ఆనందబాబు గారి మీదికి పోతుందనుకున్నా. ఆయనకి వకీళ్లుంటారు, ఎట్లాగో బయటపడతాడు గదా అనుకున్నా. నిన్న సాయంత్రం చెప్పేద్దామని స్టేషన్ దాకా వచ్చినా. మెట్ల మీద ఈ తల్లిని చూసినా. వెనక్కి తిరిగి పోయినా."

"నా మీద పెడతావా?" ఆనందబాబు గుడ్లురిమాడు.

"మీరు మీ డ్రైవరు మీద పెట్టలా?" అంది కామాక్షి. రెండు రోజుల్లో ఆమె మాట్లాడింది అదే.

రెండు గంటలకు సముద్రం వైపు ఏడు కిలోమీటర్లు వెళ్లారు. పాడుబడిన రొయ్యల మేత గోడౌను. తలుపు తీశారు.

బండి అక్కడ ఉంది. టైర్లు నేలకు ఆనకుండా కింద దిమ్మెలు పెట్టి ఎత్తాడు. బ్యాటరీ వైరు విప్పాడు. ఉప్పుగాలి తగలకుండా భార్య పాత చీరలు నాలుగు కలిపి కప్పాడు.

"ఇట్లా దాచి ఏం చేద్దామని?"

"దాచాలని కాదు మేడం. వెనక కాలువలో తోసేద్దామని తెచ్చినా. దొరకకుండా పోతేనే గదా క్లెయిము. అంచు దాకా తెచ్చి దిగినా. చెయ్యి రాలేదు."

ఆనందబాబు చీర కొస ఎత్తి బానెట్ చూశాడు. "కేసు బండి. ఇంక ఆరుకి కూడా ఎవురూ కొనరు," అన్నాడు.

మాథ్యూ ఆ మాట విన్నాడు. ఎస్సై వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"మేడం, నేను చేసింది తప్పే. రాసుకోండి, సంతకం పెడతా. ఒకటి మాత్రం చెప్పండి. ఎనిమిదో తేదీ రాత్రి నా బండి పదహారు. తొమ్మిదో తేదీ కూడా అదే బండి, అదే షెడ్డులో, తాళం వేసే ఉండింది. నేను తలుపు తీయలేదు, ఎవురూ లోపలికి రాలేదు. నా తొమ్మిది లక్షలు ఎవురు తీసుకుపోయినారు? దానికి కంప్లైంటు ఎవురి మీద ఇయ్యాల?"

ఎవాంజెలిన్ చేతిలో పెన్ను ఉంది, కాగితం ఉంది. ఆ కొత్త బండి చేసినవాళ్లు ఏ తాళమూ పగలగొట్టలేదు. వాళ్లకు మాథ్యూ అనే మనిషి ఉన్నాడనే తెలియదు. ఆమె నోటికి ఏ సెక్షనూ రాలేదు.

"జీపెక్కండి మాథ్యూ గారు," అంది.

మూడూ ఇరవై అయిదుకు పోలేరయ్యను వదిలారు. ఆనందబాబు కారు ఎక్కమని పిలిచాడు. పోలేరయ్య ఎర్ర బండి తాళంచెవి గుత్తిలోంచి తీసి హజరత్తయ్యకు ఇచ్చాడు. మిగతా గుత్తి ఆనందబాబు చేతిలో పెట్టాడు. భార్యాభర్తలిద్దరూ బస్టాపు వైపు నడిచారు.

మాథ్యూ పదహారు రోజులు లోపల ఉన్నాడు. ఆ లోపల ముప్పయ్యో తేదీ రానూ వచ్చింది, పోనూ పోయింది. ఎవాంజెలిన్ జాగా సొంతదారు దగ్గరకు తానే వెళ్లి నెల గడువు అడిగింది. ఆయన మంచినీళ్లిచ్చాడు, మర్యాద చేశాడు. రిజిస్ట్రేషను అయిపోయిందమ్మా అన్నాడు.

ఇదీ జరిగింది. మీరు గుర్తుపెట్టుకోండి నాయనా, ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు తొందరపడి మాథ్యూ దొంగ అనేయకండి. మంచివాడని కూడా అనేయకండి, పోలేరయ్య ఒక రాత్రంతా లాకప్పులో ఉన్నాడు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఆయన అడిగినట్టే అడగండి. వినేవాళ్లలో ఎవరికైనా జవాబు తెలిస్తే, నేను ఉండగానే వచ్చి నాకు చెప్పండి.