పసుపు రంగుకి తిరిగిన సీసా

2068 నాటికి విశాఖలో చదువంటే చెవి వెనక అంటించుకునే బిళ్ళ. నైపుణ్యబిళ్ళ అనేవారు దాన్ని. నలభై నిమిషాల్లో పదేళ్ల ప్రోగ్రామింగు, స్టాటిస్టిక్సు మెదడులోకి దిగిపోతాయి. ఒక్కటే చిక్కు. మెదడులో కొత్తగా గది కట్టలేం గనక, ఉన్నవాటిలో ఏది ఖాళీ చేయమంటారని బిళ్ళ ముందే అడుగుతుంది.

డాక్టర్ తారకేశ్వరి ఆ బిళ్ళ జోలికి పోలేదు. పదకొండేళ్లుగా సీసాల్లో గుండె కణాలు పెంచిన మనిషి. కణాలు మునిగి ఉండే ఎర్రటి ద్రవం రంగు చూసి వాటికేమైందో చెప్పేస్తుంది. ఏం లాభం? ఏ పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం ప్రకటన చూసినా పైథాన్ వచ్చా, మెషీన్ లెర్నింగ్ వచ్చా అనే గానీ, కణాన్ని బతికించటం వచ్చా అని అడిగినవాడు లేడు. ఈ నెలతో వయోపరిమితి దాటిపోతుంది. ఇదే ఆఖరి ఇంటర్వ్యూ.

ఆ పరిశోధన సంస్థ డైరెక్టర్ సుధీంద్ర గోడ మీద గ్రాఫు చూపించాడు. "మా గుండె మందు. గీత ఎంత నున్నగా వచ్చిందో చూడమ్మా! రేపు కింద వార్డులో పేషెంట్లకి ఎక్కిస్తున్నాం."

ఆమె చూపు గ్రాఫు మీద లేదు. పక్కన గాజు అరలో, ఆ మందు పరీక్షించిన కణాలున్న సీసా మీద ఉంది. అందులో ద్రవం పసుపు రంగుకి తిరిగి, కుడితిలా మడ్డిగా ఉంది.

"ఏటండీ ఇది! బాక్టీరియా పట్టేసింది. కణాలు చచ్చి వారమయ్యుంటాది."

"చచ్చినవాటి అంకెలు తేడాగా వస్తే ప్రోగ్రామే తుడిచేస్తుందిలే. అందుకే గదా గీత అంత నున్నగా ఉంది."

"తుడిచేస్తే బతికొస్తాయా? మనుషులకెక్కించే మందండీ! ఇంతమందిలో ఒక్కడికీ కళ్లు లేవా?"

"కేకలెందుకమ్మా? బిళ్ళ పెట్టుకో. సాయంత్రానికి ఆర్డరు నీ చేతిలో ఉంటుంది."

లోపల చేరితేనన్నా ఆ మందు ఆపగలనేమో అనుకుంది. పళ్లు బిగబట్టి బిళ్ళ అంటించుకుంది. చెవిలో మెత్తటి గొంతు పలికింది.

"ఏది ఖాళీ చేయమంటారండీ? ఈ సంస్థలో ముప్ఫై మంది కణాలను గుర్తుపట్టే నేర్పు తీసేయించుకున్నారు."

"అది తీసేస్తే ఆ సీసా నాకూ బాగానే కనిపిస్తాదన్నమాట! ఇంకోటేదైనా చెప్పు."

"డైరెక్టర్ గారి నమూనా ఉందండీ. అందరికీ చూపించమన్నారు. ఆయన ఖాళీ చేయించుకున్నది ఒక్కటే. బోలెడు చోటు దొరికింది."

"ఏటది?"

"నేను తప్పేమో అని అనుమానపడటం."

తారకేశ్వరి బిళ్ళ పీకి బల్ల మీద విసిరికొట్టింది. అరలోంచి సీసా లాగి, మూత తిప్పి, ఆయన ముక్కు కింద పెట్టింది. గదంతా మురుగుకంపు.

"చెప్పండి. ఏటిది?"

సుధీంద్ర శ్రద్ధగా వాసన చూశాడు. ఆ మొహంలో అబద్ధం జాడైనా లేదు.

"గ్రాఫులో వాసన రావట్లేదే అమ్మా!"

తారకేశ్వరి ఇక ఎవరిని తిట్టాలి? మూత బిగించి, ఉద్యోగం ఆ గదిలోనే వదిలేసి, సీసా చంకన పెట్టుకుని వార్డు మెట్లు దిగింది. ఆ మంచాల మీద వాళ్లకైనా ముక్కులుంటాయి.